మేకలు ముట్టని చెట్టు

సెప్టెంబరు వచ్చిందంటే సీతాఫల్‌మండి, వారాసిగూడ, చిలకలగూడ వీధుల్లో సీతాఫలాల గంపలు దిగుతాయి. కళ్లు విచ్చిన కాయలు ఏరుకుని ఇంటికెళ్లి బియ్యం డబ్బాలో మాగవేసుకుంటాం. డార్విన్ 1859లో వివరించిన ప్రకృతి వరణం అర్థం కావడానికి గలపాగోస్ దీవులదాకా పోనక్కర్లేదు, ఈ గంప చాలు.

సీతాఫలం ఉష్ణమండల అమెరికా చెట్టు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చిందని ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల మాట. వచ్చింది తోటల్లోనే ఉండిపోలేదు. పాలమూరు వైపు రాళ్ల గుట్టల మీద ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా పెరుగుతోంది. ఎండాకాలం ఆకు రాల్చేసి, వానలకు మళ్లీ చిగురిస్తుంది. సరే, మరి తుమ్మ ముళ్ల మధ్య ఆకునే వదలని మేకలు దీన్నెందుకు వదిలేశాయి?

దీని ఆకుల్లో, గింజల్లో అసిటోజెనిన్లనే విషపదార్థాలున్నాయి. కణానికి శక్తి సమకూర్చే మైటోకాండ్రియా పనిని అవి అడ్డుకుంటాయి. ఒకే జాతి మొక్కల్లో కొన్నింటికి ఈ విషం కాస్త ఎక్కువ, కొన్నింటికి తక్కువ. ఎక్కువున్నదాన్ని పురుగు తక్కువ తింటుంది, అది ఎక్కువ గింజలు రాలుస్తుంది, ఆ గుణం పిల్లమొక్కలకు దిగుతుంది. వేల తరాలు గడిస్తే జాతి మొత్తం చేదెక్కుతుంది. తెలంగాణ మేకల సంగతి ఆ అమెరికా అడవికి తెలియదు. పురుగుల నుంచి కాపాడిందే ఇక్కడ మేకల నుంచీ కాపాడింది. ప్రకృతి వరణానికి ముందుచూపు ఉండదు, అచ్చొచ్చిన సందర్భాలు మాత్రం ఉంటాయి.

పండులో పనితనం ఇంకా ముచ్చటైనది. గుజ్జు తీపి, గింజ విషం. ఆ విషం గట్టి పెంకు లోపల ఉంటుంది. కోతో, ఎలుగుబంటో గుజ్జుతోపాటు మింగిన గింజ చెక్కుచెదరకుండా ఇంకోచోట పడి మొలుస్తుంది. కొరికినవాడికే శిక్ష!

అయితే ఏ కోటా శాశ్వతం కాదు. నల్ల రెక్కల మీద ఆకుపచ్చ చుక్కలుండే ఒక సీతాకోకచిలుక ఈ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగులు ఆ విషాన్ని తట్టుకుని తినేస్తాయి. అక్కడా జరిగింది వరణమే.

మనిషి వరణం దారి వేరు. గుజ్జు కోసం బాలానగర్ రకాన్ని మెచ్చి నాటుకున్నాం. గింజలేని సీతాఫలమూ ఉంది. దానిలో ఒక జన్యువు లోపించిందని 2011లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అంటుకట్టే చెయ్యి లేకపోతే ఆ చెట్టు ఒక్క తరంతో సరి.

చివరగా ఒక మాట. గింజలోని ఆ విషాన్ని నమ్ముకుని, పేలకని సీతాఫలం గింజలు నూరి పిల్లల తలకు పట్టించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. దయచేసి మానండి.