ప్రధాన సంఖ్యల గొలుసుకు కట్టిన నాణెం

రండర్రా, తలా ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఇవాళ ఒక లెక్కల ఆట ఆడదాం. నియమం ఒక్కటే. ఒక ప్రధాన సంఖ్య తీసుకోవాలి, దాన్ని రెట్టింపు చేసి ఒకటి కలపాలి. వచ్చింది కూడా ప్రధాన సంఖ్యే అయితే ఆట సాగుతుంది, కాకపోతే అక్కడితో సరి.

2తో మొదలుపెడదాం. 5, 11, 23, 47. బాగానే నడిచింది. తర్వాతది 95. ఐదు పందొమ్మిదులు తొంభై అయిదు కదా, గొలుసు తెగింది. మొత్తం ఐదు లంకెలు. ఇప్పుడు 89 తీసుకోండి. 179, 359, 719, 1439, 2879. ఆరు లంకెలు వచ్చాయి. ఆ పైన 5759 వస్తుంది, అది 13ని 443తో గుణించిన సంఖ్య.

ఈ ఆరు సంఖ్యల చివరి అంకెలు చూశారా? అన్నీ తొమ్మిదులే. 1తో ముగిసేదాన్ని రెట్టించి ఒకటి కలిపితే 3తో ముగుస్తుంది, 3 నుంచి 7, 7 నుంచి 5. ఐదుతో ముగిసిందంటే ఐదు దాన్ని భాగించేస్తుంది. 9తో ముగిసేది మాత్రం మళ్లీ 9తోనే ముగుస్తుంది. అందుకని పొడవైన గొలుసు కావాలంటే 9తో ముగిసే వాటిలోనే వెతుక్కోవాలి. ఇది కాగితం మీద మీకై మీరు పట్టుకోగల రహస్యం, అందుకే నాకింత ఇష్టం.

సరే, ఏడు లంకెలు కావాలంటే? వందల్లో లేదు, వేలల్లో లేదు. 11,22,659 దాకా వెళ్లాలి. ఎనిమిదికి 1,90,99,919. పది లంకెల గొలుసు మొదలయ్యే అతి చిన్న సంఖ్య 26,08,98,08,579. అంటే రెండువేల ఆరువందల కోట్ల పైమాట. ఒక్కో లంకె పెరిగేకొద్దీ వెతుకులాట ఎంత కష్టమవుతుందో గమనించండి. ఎవరైనా ఒక గొలుసును తెచ్చి చేతిలో పెడితే, అది నిజమైనదో కాదో చూడటానికి మాత్రం కంప్యూటర్‌కు కన్నుమూసి తెరిచేంత సేపు కూడా పట్టదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఇవాళ్టి కథంతా దీని మీదే నడుస్తుంది.

వీటికి కనింగ్‌హామ్ గొలుసులని పేరు. అలన్ కనింగ్‌హామ్ 1842లో ఢిల్లీలో పుట్టాడు. మన దేశంలో పురావస్తు శాఖను స్థాపించిన అలెగ్జాండర్ కనింగ్‌హామ్‌కు కొడుకు. తండ్రి స్తూపాలు తవ్వించాడు, కొడుకు సంఖ్యల్లో తవ్వకాలు చేశాడు. బెంగాల్ ఇంజనీర్ల దళంలో పనిచేస్తూ 1871 నుంచి 1881 దాకా రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో లెక్కలు చెప్పాడు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. సైన్యం నుంచి బయటికొచ్చాక మిగిలిన జీవితమంతా సంఖ్యాశాస్త్రానికే ఇచ్చేశాడు.

ఆయన గొలుసుల మీద 2013 జులైలో ఒక డిజిటల్ నాణెం పుట్టింది. పేరు ప్రైమ్‌కాయిన్. తయారుచేసింది సన్నీ కింగ్ అనే మారుపేరు పెట్టుకున్న మనిషి. నాణేనికీ ప్రధాన సంఖ్యలకూ సంబంధం ఏమిటని అడుగుతారు. చెబుతాను.

1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెత్త ఈమెయిళ్ల బెడద తగ్గించడానికి ఒక ఉపాయం చెప్పారు. ఉత్తరం పంపేవాడి కంప్యూటర్ ముందుగా ఒక చిన్న లెక్క చేసి చూపాలి. ఒక ఉత్తరం రాసుకునేవాడికి అది ఏమంత భారం కాదు. లక్షల ఉత్తరాలు గుమ్మరించేవాడికి మాత్రం నడుం విరుగుతుంది. 1997లో ఆడమ్ బ్యాక్ ఇదే దారిలో హ్యాష్‌క్యాష్ తయారుచేశాడు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఆ ఉపాయాన్ని పద్దుల పుస్తకానికి తగిలించింది. ఆ పుస్తకానికి బ్యాంకు లేదు, గుమస్తా లేడు. వేలమంది దగ్గర నకళ్లుంటాయి. తర్వాతి పేజీ ఎవరు రాయాలి? కష్టమైన లెక్క చేసినట్టు రుజువు ముందుగా చూపినవాడు రాయాలి. ఆ పేజీనే బ్లాక్ అంటారు, ఆ పోటీనే మైనింగ్ అంటారు. గెలిచినవాడికి కొత్త నాణేలు దక్కుతాయి. మొదట్లో బ్లాకుకు 50 బిట్‌కాయిన్లు వచ్చేవి, దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కి వచ్చాయి.

బిట్‌కాయిన్‌లో చేసే లెక్క పేరు ఎస్‌హెచ్ఏ-256. మీరు ఏ రాత ఇచ్చినా దాన్ని చితక్కొట్టి ఒక పెద్ద సంఖ్యగా మారుస్తుంది, దాన్నే హ్యాష్ అంటారు. రాతలో ఒక్క అక్షరం మారిస్తే సంఖ్య మొత్తం మారిపోతుంది. నిర్ణయించిన హద్దుకన్నా చిన్న సంఖ్య రావాలి. దానికి తెలివైన దారి ఎవరికీ దొరకలేదు. వేసి చూడటం, రాకపోతే పారేసి మళ్లీ వేయడం. ఒకటి తగిలేలోపు కోట్లానుకోట్ల ఫలితాలు చెత్తబుట్టలో పడతాయి. పుస్తకానికి కాపలాగా ఉండటం తప్ప వాటివల్ల లోకానికి మరో ప్రయోజనం లేదు.

ఆ ప్రయత్నాలన్నిటికీ కరెంటు ఖర్చవుతుంది. మరి కరెంటు తక్కువ తినే యంత్రాలు పెట్టుకోవచ్చు కదా అంటారు చాలామంది. అక్కడే పొరపాటు పడతారు, జాగ్రత్తగా వినండి. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం చూశారుగా. ఎగిరేవాళ్లు బలంగా ఎగిరితే తాడు పట్టుకున్నవాడు ఉట్టిని ఇంకా పైకి లాగుతాడు. బిట్‌కాయిన్‌లో ఆ తాడు ప్రోగ్రాం చేతిలోనే ఉంది. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకే రావాలని నియమం, 2016 బ్లాకులకోసారి ఎంత వేగంగా వచ్చాయో చూసి హద్దును సవరిస్తుంది. అందరి యంత్రాలూ మెరుగుపడితే ఉట్టి అంత పైకి పోతుంది. కొత్త యంత్రం ముందుగా కొన్నవాడికి కొన్నాళ్లు లాభం, అంతే.

అంకెలు చూడండి. ఈ పనికే పుట్టిన చిప్పులను ఏసిక్ అంటారు, అవి 2013లో మార్కెట్లోకొచ్చాయి. వాటికి మరో లెక్క రాదు. 2016లో వచ్చిన ఎస్9 అనే యంత్రం లక్ష కోట్ల ప్రయత్నాలకు దాదాపు 100 జౌళ్ల శక్తి తినేది. 2023లో ప్రకటించిన ఎస్21 అంత పనికీ 17.5 జౌళ్లతో సరిపెట్టుకుంటుంది. ఐదు రెట్లకు పైగా మెరుగు! అయినా ఎస్21 ఒక్కటి 3500 వాట్లు లాగుతుంది, రోజుకు 84 యూనిట్లు. ఫ్యాన్లు, లైట్లు, ఒక ఫ్రిజ్ ఉన్న ఇంటికి ఇంచుమించు నెల కరెంటు. ప్రపంచం మొత్తం మీద బిట్‌కాయిన్ ఏడాదికి దాదాపు 13,800 కోట్ల యూనిట్లు వాడుతోందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో అంచనా వేశారు. ప్రపంచ కరెంటులో అది అర శాతం. నాణెం ధర ఎంత ఉంటే అంత ఖర్చుకు జనం సిద్ధపడతారు, యంత్రం పొదుపైనదైతే రెండు కొంటారు. 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ బొగ్గు గురించి ఇదే చెప్పాడు. ఆవిరియంత్రం పొదుపు నేర్చినకొద్దీ ఇంగ్లండ్‌లో బొగ్గు వాడకం పెరిగిందే కానీ తగ్గలేదు.

యంత్రాన్ని వదిలేసి, చేసే లెక్కనే పనికొచ్చేదిగా మారిస్తే? సన్నీ కింగ్‌కు తట్టింది ఇదే. వినడానికి తేలికే. కానీ కాపలా పనికి కుదిరే లెక్కకు లక్షణాలు ఉండాలి. చేయడం కష్టంగా, సరిచూడటం తేలికగా ఉండాలి. కష్టాన్ని పెంచడానికీ తగ్గించడానికీ వీలుండాలి. ఎన్నటికీ తరగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవడూ ముందే చేసి దాచుకోవడానికి వీల్లేకుండా, ఈ పేజీకి చేసిన లెక్క ఈ పేజీకే చెల్లాలి. ఈ నాలుగూ కుదిరే పనికొచ్చే లెక్కలు లోకంలో చాలా అరుదు. ప్రధాన సంఖ్యల గొలుసుకు ఇవి కుదిరాయి.

ఎలా కుదిర్చాడో చూస్తే ముచ్చటేస్తుంది. మన 89 గొలుసులో ప్రతి సంఖ్యకూ ఒకటి కలపండి: 90, 180, 360, 720, 1440, 2880. అంతా 90కి రెట్టింపులే! అంటే గొలుసు మొత్తానికి మూలం 90. ప్రైమ్‌కాయిన్‌లో ఈ మూలం ఆ బ్లాకు తాలూకు హ్యాష్ సంఖ్యతో నిశ్శేషంగా భాగించబడాలి. నిన్నటి గొలుసు ఇవాళ్టి బ్లాకుకు అతకదు, పక్కవాడి గొలుసు కాజేసినా పనికిరాదు. ఇక కష్టం పెంచడం సంగతి. ఒక లంకె పెంచితే కష్టం ఒక్కసారిగా ఎంతెత్తుకు పోతుందో 89 నుంచి పదకొండు లక్షలకు దూకినప్పుడే చూశాం. అంత పెద్ద అంగలు వేస్తే నాణెం నడవదు. అందుకని గొలుసు తెగిన చోట, ఆ తెంపిన సంఖ్య పరీక్షలో ఎంత శేషం మిగిల్చిందో చూసి, దాన్ని లంకెలో భిన్నంగా లెక్కగట్టాడు. పది లంకెలకూ పదకొండు లంకెలకూ మధ్య మెట్లు కట్టాడన్నమాట. బహుమతి కూడా లెక్కతోనే ముడిపెట్టాడు: 999ని కష్టం వర్గంతో భాగిస్తే ఎంతొస్తే అన్ని నాణేలు. కష్టం 10 అయితే 9.99.

ఆ పరీక్ష ఫెర్మా పేరు మీద ఉన్నది. 2ని సంఖ్యకు ఒకటి తక్కువ సార్లు హెచ్చవేసి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగలాలి. చాలా వేగమైన పరీక్ష, కానీ అప్పుడప్పుడు మోసపోతుంది. 341 దీన్ని దాటిపోతుంది, నిజానికి అది 11ను 31తో గుణిస్తే వచ్చేది. తిరుగులేకుండా తేల్చే వేగమైన పద్ధతి ఒకటి 2002లో మన ఐఐటీ కాన్పూర్‌లోనే దొరికింది. మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కున్నారు, ప్రపంచమంతా లేచి చప్పట్లు కొట్టింది. రోజువారీ వాడకంలో మాత్రం ఫెర్మా తరహా పరీక్షలదే వేగం, ప్రైమ్‌కాయిన్ వాటితోనే సరిపెట్టుకుంది.

మరి ఆ గొలుసులతో ఏం ఒరిగింది? కొన్ని పొడవులకు అతి పెద్ద సంఖ్యలతో కూడిన కనింగ్‌హామ్ గొలుసుల రికార్డులు ప్రైమ్‌కాయిన్ బ్లాకుల పేరు మీద నమోదయ్యాయి. ప్రధాన సంఖ్యలు ఎక్కడెక్కడ ఎలా పరుచుకున్నాయో చూసేవాళ్లకు అది మంచి సరుకే. అయితే సరిచూడటం తేలికగా ఉండాలి కనుక సంఖ్యల సైజుకు హద్దు పెట్టక తప్పలేదు. రోగం కుదిర్చే లెక్క ఇది కాదు. అయినా నా దృష్టిలో ఇది గొప్ప పని. ఎవరినీ నమ్మనక్కర్లేకుండా, కాపలా కాసే కష్టంలోంచే కాస్త జ్ఞానం పిండవచ్చని చేసి చూపించింది.

రోగాల లెక్కలు చేసే నాణేలూ వచ్చాయి. 2013లోనే వచ్చిన గ్రిడ్‌కాయిన్, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన బాయింక్ అనే స్వచ్ఛంద ఏర్పాటులో సైన్సు లెక్కలు చేసినవాళ్లకు నాణేలిస్తుంది. 2014లో వచ్చిన క్యూర్‌కాయిన్, ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయో లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు కంప్యూటర్ ఇచ్చినవాళ్లకు ఇస్తుంది. పని ఎంతో విలువైనది. చిక్కు ఎక్కడంటే సరిచూడటంలో. ప్రొటీను మడత లెక్క సరిగ్గా చేశావో లేదో తేల్చాలంటే మళ్లీ ఆ లెక్కంతా చేయాల్సిందే. బాయింక్‌లో చాలా ప్రాజెక్టులు ఒకే లెక్కను ఇద్దరు ముగ్గురికి పంపి జవాబులు పోల్చి చూస్తాయి. ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవరికెన్ని మార్కులో తేల్చేది మధ్యలో ఉన్న సర్వర్. ఆ సర్వర్‌ను నమ్మాలి. అందుకే గ్రిడ్‌కాయిన్ పద్దుల కాపలాను సైన్సు లెక్కలకు అప్పగించలేదు. నాణేలు దాచుకున్నవాళ్లు తమ నిల్వను బట్టి లాటరీలా బ్లాకులు రాసే వేరే పద్ధతి పెట్టుకుంది. ఆ పద్ధతిని మొదట నడిపి చూపింది కూడా సన్నీ కింగే, 2012లో పీర్‌కాయిన్‌తో. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం ఇదే దారికి మారి, కరెంటు వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. కరెంటు ఆదానే కావాలంటే ఇప్పటికి తేలిన దారి ఇది, మెరుగైన చిప్పు కాదు.

ఇక మీ సంగతి. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తో సైన్సుకు సాయపడాలంటే నాణెం కోసం చూడక్కర్లేదు. బాయింక్‌ను నేరుగా పెట్టుకోవచ్చు, ఆండ్రాయిడ్ ఫోనులో కూడా చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే నడిచేలా పెట్టుకోవచ్చు. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టులో ఇలా ఇచ్చిన కంప్యూటర్లే 2010లో ఒక కొత్త పల్సార్‌ను పట్టుకున్నాయి. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే నక్షత్రం అది. ఆ జాడ తగిలిన కంప్యూటర్లు అమెరికాలోని అయోవాలో ఒక జంటవి, జర్మనీలో మరొకరివి. వేసవిలో మాత్రం ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి నడపకండర్రా, గాలి ఆడక వేడెక్కిపోతుంది. బల్ల మీద పెట్టండి, సెట్టింగుల్లో ప్రాసెసర్ వాడకం సగానికి తగ్గించండి. కరెంటు బిల్లు ఎంత పెరిగిందో మొదటి నెల అమ్మానాన్నలతో కలిసి చూడండి.