ఫాల్గుణమాసపు వంట

ఫాల్గుణము ప్రవేశించుసరికి మన యిండ్లలో నిరుటి వేసవిని పెట్టిన ఆవకాయ జాడీ అడుగంటును. వంకాయ ఒరుగులును, గుమ్మడి వడియములును కొంత మిగిలియుండును. ఇవి యింతకాలము చెడకుండుటకు కారణమేమి? ఎండ నీటిని హరించును. ఉప్పు నీటిని లాగివేయును. నీరు చాలనిచోట బూజును, సూక్ష్మజీవులును వృద్ధి పొందజాలవు. కావున జాడీలో తడి గరిటె పెట్టరాదని తల్లులు చెప్పుమాట శాస్త్రసమ్మతమే. బూజు పట్టిన ఊరగాయను పైపైన తీసివేసి తినుట తగదు.

అయినను నిలువ పదార్థములే చాలునని తలంపరాదు. ఎండబెట్టుటచే సి విటమిను చాలవఱకు నశించును. ఏ విటమినునకు మూలమగు పదార్థమును తగ్గిపోవును. ఏ విటమిను కొఱవడినచో పిల్లలకు రేచీకటి కలుగును. దీపములవేళ గడప తట్టుకొని పడు బిడ్డను అజాగ్రత్తపరుడని కోపింపక, వైద్యునికి చూపి, వాని కంచములో నేమున్నదో విచారింపవలయును.

పెరటి మునగాకు, తోటకూర ఇప్పుడు లభించును. మాసాంతమునకు చింతచిగురును వచ్చును. ఆకుకూరను పప్పులో వండి నూనెతో పోపు పెట్టినచో ఆ సత్త్వము దేహమునకు బాగుగా నంటును. కూరగాయలు కొనలేని యింట సయితము ఒరుగుల పులుసు ప్రక్కను పిడికెడు మునగాకు ఉండవలయునని మేము కోరుచున్నాము.