పాత కారుకి ఎక్స్‌పీ వైద్యం

జార్జియాలో కారు రిజిస్ట్రేషను గడువు యజమాని పుట్టినరోజుతో ముగుస్తుంది. మా అల్ఫారెట్టా ఉన్న ఫుల్టన్ కౌంటీలో దాన్ని పొడిగించుకోవాలంటే ముందు ఎమిషన్ పరీక్ష నెగ్గాలి. సరిగ్గా మూడు వారాల ముందు నా 2004 మోడల్ కారులో ‘చెక్ ఇంజన్’ దీపం వెలిగింది. అది వెలుగుతుంటే పరీక్ష పోయినట్టే! ఒక వర్క్‌షాపులో చూపిస్తే కాటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. ఖర్చు వింటే గుండె గుభేలుమంది.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ డాష్‌బోర్డు కింద 16 పిన్నుల ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. ఆ కారు తయారీదారు సాఫ్టువేరు, దాని యూఎస్‌బీ కేబులు నా దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. చిక్కల్లా, అవి విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్లోనే సెలవిచ్చేసింది. నా లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్.

ఆఫీసులో సర్వర్ల కోసం రోజూ వాడే వర్చువల్ మెషీనే ఇక్కడా అక్కరకొచ్చింది. వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ వేసి, దానికి నెట్‌వర్కు కార్డు తీసేశాను. భద్రతా సవరణలు రాని సిస్టంకి ఇంటర్నెట్టుతో పనేముంది? తర్వాత యూఎస్‌బీ ఫిల్టరు పెట్టి, కేబులు నేరుగా ఎక్స్‌పీకే కనిపించేలా చేశాను.

అయినా “కారు జవాబివ్వడం లేదు” అనే సందేశమే! కారణం ఆలస్యం. ఆ రోజుల చాలా కార్లలో ఇంజన్ కంప్యూటరు సెకనుకి 10,400 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో లెక్క. కేబుల్లోని ఎఫ్‌టీడీఐ చిప్పు మామూలుగా 16 మిల్లీసెకన్ల దాకా డేటాని పట్టి ఉంచుతుంది. దానికి వర్చువల్ మెషీన్ జాప్యం తోడైంది. ఎక్స్‌పీ డివైస్ మేనేజరులో ఆ చిప్పు ‘లేటెన్సీ టైమర్’ని 2కి తగ్గించగానే కారు నోరు విప్పింది.

వచ్చిన కోడు పీ0141. కన్వర్టరు వెనకుండే ఆక్సిజన్ సెన్సరులో హీటరు సర్క్యూటు లోపమని దానర్థం. కన్వర్టరు పనితీరుకి సాక్ష్యం చెప్పేది ఆ సెన్సరే. సాక్షికే ఒంట్లో బాగాలేనప్పుడు ముద్దాయిని ఎలా శిక్షిస్తాం? సెన్సరు మార్చాను, దీపం ఆరింది.

రెండు జాగ్రత్తలు. కోడు చెరిపేసి వెంటనే పరీక్షకి వెళ్ళకండి. కోడుతోపాటు కారు స్వీయపరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడళ్ళలో వాటిలో ఒకటికి మించి పూర్తికాకపోతే తిప్పి పంపుతారు. నేను జీఏ-400 మీద వారం రోజులు తిరిగాక వెళ్ళి నెగ్గాను.

రెండోది మరీ ముఖ్యం: వర్చువల్ మెషీన్‌తో కారుని చదవండి, రాయకండి. చదివేటప్పుడు యూఎస్‌బీ తెగితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంజన్ కంప్యూటరులోకి కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తుండగా తెగితే మాత్రం కారు కదలదు. మన వర్చువల్ మెషీనుకి స్నాప్‌షాట్ ఉంది కానీ, కారుకి లేదు కదా!