సరిచూసే కన్ను ఎట్లా వస్తుంది?

పెద్దపల్లి నుంచి రాత్రివేళ రైల్లో రామగుండం వైపు వెళ్ళేవారికి విద్యుత్కేంద్రం పొగగొట్టాల మీది దీపాలు దూరం నుంచే కనిపిస్తాయి. అక్కడ మొదటి 200 మెగావాట్ల యూనిట్ 1983లో మొదలైంది. బాయిలర్‌లో పీడనం ఎంత, ఆవిరి ఎంత వేడిగా ఉంది, బొగ్గు ఎంత పంపాలి - ఇటువంటివాటిని పరికరాలే కనిపెట్టి చాలావరకు తమంతట తామే సర్దుకొంటాయి. మరి కంట్రోలు గదిలో కూర్చున్న మనిషికి పనేమిటి?

సరిగ్గా ఆ 1983లోనే, ఇటువంటి యంత్రాగారాలను దృష్టిలో పెట్టుకొని, లీసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక వ్యాసం రాసింది. యంత్రం సజావుగా నడుస్తున్నంతకాలం మనిషి ఊరకే చూస్తుంటాడు. చేసే పని లేక అతని నేర్పు తగ్గిపోతుంది. కాని యంత్రానికి అంతుపట్టని చిక్కు వస్తే పిలిచేది అతణ్ణే! అప్పుడు మామూలు కంటే ఎక్కువ నేర్పు కావాలి. ఆనాటి ఆపరేటర్లు ఒకప్పుడు చేత్తో నడిపి నేర్చుకొన్నవారు కనుక గట్టెక్కుతున్నారు, తరువాతి తరానికి ఆ నేర్పు ఎక్కడినుంచి వస్తుంది అని ఆమె అడిగింది.

ప్రోగ్రాములు రాసే మా వృత్తిలో ఇప్పుడు అదే ప్రశ్న తలెత్తింది. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 చివరలో చాట్‌జీపీటీ వచ్చాయి. మనుషులు రాసిన అసంఖ్యాకమైన వాక్యాలనుంచీ ప్రోగ్రాములనుంచీ, ఒక ముక్క తరువాత ఏ ముక్క రావచ్చునో అంచనా కట్టడం వీటికి నేర్పారు. అడిగితే నిమిషంలో ప్రోగ్రాము సిద్ధం! తరచు అది సరిగానే ఉంటుంది. తప్పున్నప్పుడు కూడా అంతే ధీమాగా ఇస్తాయి, అదీ ఇబ్బంది.

నలుగురు విద్యార్థుల లెక్కల మార్కులు 60, 70, 80, 0 అనుకోండి. సగటు కట్టే ప్రోగ్రాము 210ని 4తో భాగించి 52.5 అంటుంది. ఎక్కడా ఆగదు, తప్పు అని చెప్పదు. కాని నాలుగో విద్యార్థి ఆరోజు పరీక్షకే రాలేదు! అప్పుడు సగటు 70.

ఇది ఎవరి కంటపడుతుంది? ఇటువంటి పొరపాటు ఒకసారి తాను చేసి, కారణం కోసం సాయంత్రమంతా వెతికినవారి కంట. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి మొదట ఇచ్చేవి ఇటువంటి చిన్న తప్పులు వెతికి దిద్దే పనులే. విసుగు పుట్టించే పని, నిజమే. సెంటినరీ కాలనీలోని జె.ఎన్.టి.యు. కళాశాలలో చదివి వచ్చినవారైనా, అమెరికాలో చదివి వచ్చినవారైనా ఆ మెట్టు మీదనే కాలు పెట్టాలి. ఉపకరణాలు ముందుగా అందుకొంటున్నవి కూడా ఆ పనులనే.

నేనూ ఈ ఉపకరణాలను రోజూ వాడతాను. కాని ముందు తాను రాసి, తరువాత యంత్రం చేత రాయించి, రెండూ ఎక్కడ వేరుపడ్డాయో చూసే కుర్రవాడు ఒక దారిన పోతున్నాడు. అడిగి అతికించేవాడు మరొక దారిన. ఆపరేటర్లు అప్పుడప్పుడు చేత్తో నడపాలనీ, అది వీలుకాకపోతే నమూనా యంత్రం మీద సాధన చేయాలనీ బెయిన్‌బ్రిడ్జ్ సూచించింది కూడా ఇందుకే.

ఇక మన లెక్కకు వద్దాం. "సున్నాలను వదిలెయ్యి" అని ప్రోగ్రాముకు చెబితే సరిపోతుందా? పరీక్ష రాసి నిజంగానే 0 తెచ్చుకొన్నవాడు కూడా ఎగిరిపోతాడు! రానివారికి మార్కుల పట్టికలో ఏ గుర్తు పెట్టాలో కాగితం మీద ఆలోచించి చూడండి.