కుంటా కింటే మనవలు ఏమయ్యారు?

ఒక తరం తెలుగు పాఠకులకు కుంటా కింటే పరాయివాడు కాదు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే, 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చేసింది. గొలుసులతో అమెరికా చేరిన ఆ కుర్రాడి కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో! మరి బానిసత్వం పోయాక ఏం జరిగింది?

చరిత్ర పాఠం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయిందని. పరీక్షకు అది చాలు. ఆ మర్నాడు పొద్దున్న వాళ్లు ఏం తిన్నారో, ఎవరి పొలానికి వెళ్లారో తెలియాలంటే మాత్రం ఆత్మకథ తెరవాల్సిందే.

బుకర్ టి. వాషింగ్టన్ 1856లో బానిసగా పుట్టాడు. 1901లో వచ్చిన 'అప్ ఫ్రమ్ స్లేవరీ'లో విడుదల రోజు గురించి చెబుతాడు. కాగితం చదివి వినిపించగానే ఒకటే సంబరం. గుడిసెలకు తిరిగి వెళ్లేసరికి దిగులు... ఇల్లు లేదు, సెంటు భూమి లేదు. ముసలివాళ్లు కొందరు మెల్లగా పాత యజమాని ఇంటివైపే నడిచారట.

బుకర్ ఉప్పు బట్టీలో పనికి కుదిరాడు. కూలి డబ్బులొస్తున్నాయి కదా అని సవతి తండ్రి బడికి పంపనన్నాడు. చివరికి, తెల్లవారుజామునే లేచి తొమ్మిదింటిదాకా పనిచేసి బడికెళ్లే ఒప్పందం కుదిరింది. అక్కడ మరో చిక్కు. హాజరుపట్టీలో అందరికీ రెండేసి పేర్లు, తనకు ఒకటే! టీచరు అడగ్గానే తడుముకోకుండా 'బుకర్ వాషింగ్టన్' అనేశాడు. ఇంటిపేరు తానే పెట్టుకున్న పిల్లాడన్నమాట. 1872లో హాంప్టన్ విద్యాలయానికి వెళ్తే గది ఊడ్చమన్నారు. మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు తుడిచాడు. అదే అతని ప్రవేశ పరీక్ష.

ఈ ఒక్క పుస్తకంతో ఆపితే పాఠం సగమే. 'కష్టపడితే అన్నీ వస్తాయి' అనుకుంటారు పిల్లలు. పక్కనే రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్' (1945) పెట్టాలి. మెంఫిస్‌లో నల్లవాళ్లకు లైబ్రరీ పుస్తకాలివ్వరు. తెల్ల సహోద్యోగి కార్డు అడిగి తీసుకుని, అతను రాసినట్టే దొంగచీటీ రాసుకెళ్లాడు రైట్. బానిసత్వం పోయి అప్పటికి అరవై ఏళ్లు!

సముద్రాల అవతలి కథ మనకెందుకంటారా? గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగితే అరటి గెలల మార్కెట్, అక్కణ్నుంచి కోనసీమ. ఈ సీమలోని మామిడికుదురులోనే 1911లో దళిత కుటుంబంలో పుట్టారు బోయి భీమన్న. ఏడాదికింతని కుదుర్చుకుని కామందు ఇంట్లో, పొలంలో రాత్రనక పగలనక పనిచేసేవాడే పాలేరు. అలాంటి కుర్రాడు చదువుకుని పైకొచ్చే కథే ఆయన 'పాలేరు' నాటకం. 1973లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆత్మకథ పేరు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. వాషింగ్టన్ పుస్తకం పక్కన పెట్టి చూడండి, పేర్లే పలకరించుకుంటాయి.

ఇక్కడా అదే వరస. బ్రిటిష్ పాలకులు బానిసత్వానికి చట్టం గుర్తింపు తీసేసింది 1843లో. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో. నడుమ 133 ఏళ్లు. ఆ ఏళ్ల సంగతి కూడా ఆత్మకథలే చెప్పాలి.

కాకపోతే ఈ పాఠం చెప్పడానికి కాస్త ఒడుపు కావాలి. కామందు మనవడూ పాలేరు మనవడూ ఒకే బెంచీ మీద కూర్చునే క్లాసులివి. ఒకణ్నే లేపి 'మీ ఇంటి సంగతి చెప్పరా' అంటే వాడు మళ్లీ నోరు విప్పడు. అందరికీ ఒకటే ప్రశ్న ఇవ్వొచ్చు. మీ ఇంట్లో మొట్టమొదట బడికి వెళ్లిందెవరు? అప్పుడు వాళ్ల పని ఎవరు చేశారు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మంటే చాలు. ఒకరి నోటుబుక్కులో ఆ పేరు ముత్తాతది కావచ్చు. పక్కవాడి నోటుబుక్కులో అమ్మది.