పస్కా అంటే ఏమిటి? మన తెలుగు యూదులకు అది ఎందుకంత ముఖ్యం?

విశాఖపట్నం: యూదులు అనగానే చాలామందికి ఇజ్రాయెలే గుర్తొస్తుంది. కానీ విశాఖలో రైలెక్కి గుంటూరులో దిగితే, అక్కడికి దగ్గర్లోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, శనివారం సబ్బాతు పాటించే కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి. వాళ్లు తమను 'బెనె ఎఫ్రాయిము' అంటారు. వాళ్లకు పెద్ద పండుగల్లో ఒకటి పస్కా.

పండుగ దేనికి?

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) బనీ ఇస్రాయీల్‌ను ఫిరౌన్ బానిసత్వం నుంచి విడిపించిన రోజుకు గుర్తు ఇది. ముహర్రం 10న మనం ఉండే ఆషూరా రోజా వెనక ఉన్నదీ ఈ విడుదలే. మదీనా యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం చూసి ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తానూ ఉన్నారని, ముస్లింలనూ ఉండమన్నారని హదీసుల్లో ఉంది.

మరి తేదీలు ఎందుకు కలవవు?

యూదుల క్యాలెండర్‌లో 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల అదనంగా కలుపుతారు. మన పంచాంగంలో అధిక మాసం లాంటిదే. అందుకే పస్కా ఎప్పుడూ వసంతంలోనే, చాలా ఏళ్లు చైత్ర పౌర్ణమి దగ్గర్లో వస్తుంది. హిజ్రీలో అలా కలపరు కాబట్టి ముహర్రం అన్ని కాలాల్లోనూ తిరుగుతుంది.

ఇంట్లో ఏం చేస్తారు?

ముందుగా ఇల్లంతా దులిపి, పులిసిన పిండి పదార్థం ముక్క కూడా లేకుండా తీసేస్తారు. ఇజ్రాయెల్ బయట 8 రోజులు పులియని రొట్టే తింటారు. పిండిలో నీళ్లు పోసిన 18 నిమిషాల్లో అది కాలిపోవాలి. బానిసత్వం గుర్తుకు చేదు ఆకులు తింటారు. మొదటి రాత్రి భోజనం దగ్గర ఇంట్లో చిన్నపిల్లలు ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని అడుగుతారు. పెద్దవాళ్లు విడుదల కథంతా చెబుతారు.

గుర్తింపు సంగతేంటి?

ఈ కుటుంబాలు మాదిగ సమాజానికి చెందినవి. అంతకుముందు క్రైస్తవులు. 1980ల నుంచి షమూయేలు, సాదోకు యాకోబీ సోదరుల ఆధ్వర్యంలో యూదు ఆచారాలు పాటిస్తున్నారు. తాము తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అంటారు. మణిపూర్, మిజోరాంల బ్నే మెనాషేలను ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తించారు. వీళ్లకు ఆ గుర్తింపు రాలేదు.

అయినా పండుగ ఆగలేదు. అంటరానితనం ఎలా ఉంటుందో తెలిసిన ఇళ్లలో, ఒక జాతి బానిసత్వం నుంచి బయటపడిన కథ ఎక్కడో జరిగిన పాత కథలా అనిపించదు.