స్పోర్టీ కారు, నాన్న నడుము

కారు మాడిఫికేషన్ అనగానే మన క్యాంటీన్‌లో వినిపించేవి నాలుగే: పెద్ద అల్లాయ్స్, లోయరింగ్ స్ప్రింగ్స్, మోత ఎగ్జాస్ట్, ఈసీయూ రీమ్యాప్. కారు వేగంగా పరిగెత్తడానికో, పరిగెడుతున్నట్టు కనబడటానికో చేసే మార్పులివి. అదే కార్లో ఆరు గంటలు కూర్చునే మనిషి కోసం ఏం మార్చాలని మాత్రం ఎవరూ అడగరు. మా ఇంట్లో అడగాల్సి వచ్చింది. జవాబు వెతుకుతూ పోతే మన వైబ్రేషన్స్ సబ్జెక్టు సగం అందులోనే దొరికింది. మెకానికల్ కానివాళ్ళు భయపడకండి, లెక్కలు రెండే ఉంటాయి.

సంగతేంటంటే, మా అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొన్నాడు. ఒక లీటరు టర్బో, మూడు సిలిండర్లు, 120 పీఎస్. మామూలు ఐ20 కన్నా దీని సస్పెన్షన్ కంపెనీ నుంచే కాస్త గట్టి. అది చాలదన్నట్టు మొదటి ఓనరు 17 అంగుళాల వీల్స్ వేయించాడు, స్ప్రింగ్స్ మార్చి కారుని కిందికి దించాడు, ఎగ్జాస్ట్ కూడా మార్చాడు. అన్నయ్యకి ఆ కారు ముద్దుగానే ఉంది. నాన్నకి మాత్రం రెండేళ్ళ కిందట నడుములో డిస్క్ ఆపరేషన్ అయింది. ఒంగోలు దగ్గర ఊళ్ళో నాయనమ్మ ఒక్కతే ఉంటుంది. హైదరాబాదు నుంచి నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద 300 కిలోమీటర్లు పైనే. నెలకోసారైనా నాన్న వెళ్ళి చూసి రావాలి.

ఆ కార్లో మొదటిసారి వెళ్ళొచ్చాక నాన్న రెండు రోజులు మంచం దిగలేదు. తర్వాతి నెల "మీరు కార్లో పోండి, నేను బస్సుకొస్తాలే" అన్నాడు. బస్సుకీ వెళ్ళలేదు. నాయనమ్మ ఫోన్లో అమ్మని "వాడెందుకు రాలేదే?" అని అడిగింది. కారు అమ్మేద్దామంటే లోను ఇంకా చాలా ఉంది. అందుకని ఉన్న కారునే దారికి తెచ్చుకోవాలనుకున్నాం.

కుదుపు మనిషికి ఎక్కడ తగులుతుంది?

కూర్చున్న మనిషి ఒళ్ళు అన్ని కుదుపుల్నీ ఒకేలా తీసుకోదు. కిందికీ పైకీ వచ్చే ఊపుల్లో సెకనుకి 4 నుంచి 8 సార్లు, అంటే 4-8 హెర్ట్జ్ మధ్య వచ్చేవి మనల్ని ఎక్కువగా బాధిస్తాయి. అర హెర్ట్జ్ కన్నా తక్కువగా నెమ్మదిగా ఊగితే కడుపులో తిప్పుతుంది, వాంతులొస్తాయి. అందుకే పడవలా ఊగే మెత్తటి కారు కూడా సుఖమైన కారేం కాదు. నాన్న నడుముకి మెత్తదనం ఒక్కటే చాలదు. ఆ 4-8 హెర్ట్జ్ కుదుపులు సీటు దాకా రాకుండా ఆపాలి.

ఆ కుదుపులు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. సిమెంటు రోడ్డు పలకల మధ్య సుమారు 4.5 మీటర్లకొక జాయింటు ఉంటుందనుకుందాం. గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. 25ని 4.5తో భాగిస్తే సెకనుకి అయిదున్నర దెబ్బలు. సరిగ్గా ఒళ్ళు తట్టుకోలేని చోటే! నున్నటి రోడ్డే కదా, ఎందుకు అలసిపోయాం అనిపించేది ఇందుకే.

స్ప్రింగ్ లెక్క

కారు బాడీ స్ప్రింగుల మీద సహజంగా ఎంత వేగంతో ఊగుతుందో చెప్పే సూత్రం మనందరికీ తెలిసిందే. స్టిఫ్‌నెస్‌ని బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 2 పైతో భాగించాలి. ఉదాహరణకి ఒక్కో స్ప్రింగ్ మీద 280 కిలోలు, స్ప్రింగ్ స్టిఫ్‌నెస్ మిల్లీమీటరుకి 20 న్యూటన్లు అనుకుందాం. 1.35 హెర్ట్జ్ వస్తుంది. గట్టి స్ప్రింగ్ వేసి 32 న్యూటన్లు చేస్తే 1.7 హెర్ట్జ్.

1.35కీ 1.7కీ పెద్ద తేడా ఏముంది, రెండూ 4 కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 5 హెర్ట్జ్‌తో రోడ్డు తంతుంటే అందులో ఎంత భాగం బాడీకి చేరుతుందో లెక్కేయండి. డాంపింగ్ పక్కనపెడితే మొదటి స్ప్రింగ్‌తో సుమారు 8 శాతం, రెండోదాంతో 13 శాతం. అంటే నడుముకి తగిలే కుదుపు ఒకటిన్నర రెట్లు దాటింది. ఇది ఉదాహరణ లెక్కే అయినా పద్ధతి మాత్రం ఏ కారుకైనా ఇదే.

దానికి తోడు కారుని కిందికి దించితే చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా తగ్గిపోతుంది. గుంట కాస్త లోతైతే సస్పెన్షన్ చివరిదాకా వెళ్ళి బంప్ స్టాపర్‌కి కొట్టుకుంటుంది. నాన్న "వెన్నులో సూది దిగినట్టుంది" అన్నది ఆ దెబ్బనే.

అందుకే కంపెనీ స్ప్రింగులు, వాటితోపాటు కంపెనీ షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాపర్లు, స్ట్రట్ మౌంట్లు వేయించాం. స్ప్రింగ్ ఒక్కటీ మార్చి, ఇన్నాళ్ళూ వేరే స్ప్రింగ్‌తో అరిగిన షాకులు అలాగే ఉంచితే లాభం లేదు. స్ప్రింగ్ దెబ్బని మింగుతుంది, మింగాక వచ్చే ఊపుని షాకు ఆపుతుంది. రెండూ జోడీ కుదరాలి. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

టైరు కూడా స్ప్రింగే

రోడ్డుకీ మనకీ మధ్య మొదటి స్ప్రింగ్ టైరులో ఉన్న గాలి. టైరు మీద రాసి ఉండే అంకెలు చదవడం వస్తే కారు గురించి చాలా తెలుస్తుంది. మా కారుకి ఉన్నవి 205/45 ఆర్17. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, వీలు 17 అంగుళాలు. 205లో 45 శాతం అంటే 92 మిల్లీమీటర్ల గోడ. కంపెనీ సైజు 195/55 ఆర్16. దాని గోడ 107 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో టైరుకి 15 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ తిరిగొచ్చాయి.

మొత్తం వ్యాసం చూస్తే 17 అంగుళాలది సుమారు 616 మిల్లీమీటర్లు, 16 అంగుళాలది 621. దాదాపు ఒకటే. బయటికి చక్రం అంతే కనబడుతుంది, లోపల లోహం తగ్గి గాలి పెరిగిందన్నమాట. ఇంకా చిన్న 15 అంగుళాల వీలుకి 185/65 టైరు వేస్తే గోడ 120 మిల్లీమీటర్లు అవుతుంది, వ్యాసం 621 దగ్గరే ఉంటుంది. అయితే చిన్న వీలు లోపల బ్రేకు కాలిపర్ పడుతుందో లేదో ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది. మేం ఆ జోలికి పోకుండా 16 దగ్గరే ఆగాం. 17 అంగుళాల వీల్స్ అమ్మితే వచ్చిన డబ్బు కొత్త టైర్లకి చాలావరకు సరిపోయింది.

గాలి విషయంలో ఒక జాగ్రత్త. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించి హైవే ఎక్కొద్దు. గాలి తక్కువైతే గోడ ఎక్కువగా వంగుతుంది, వేడెక్కుతుంది, ఎండాకాలం పగలొచ్చు కూడా. డోరు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఉన్న ప్రెషరే పెట్టాలి, అదీ పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. వేడి 5-6 డిగ్రీలు పెరిగితే ప్రెషర్ ఒక పీఎస్ఐ దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం బంకులో ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకండి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి

రూపాయి ఖర్చు లేని మార్పు ఇది. పెద్దవాళ్ళని గౌరవంగా వెనక కూర్చోబెట్టడం మనకి అలవాటు. కానీ చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటు ఇంచుమించు వెనక చక్రాల దగ్గరే ఉంటుంది. వెనక చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ నేరుగా అక్కడికే. ముందు సీటు రెండు చక్రాల మధ్యకి వస్తుంది కాబట్టి కారు ఊగినా అక్కడ ఊపు తక్కువ. నాన్న ముందుకొచ్చాడు, నేను వెనక్కి పోయాను.

సీటు వాలు 100 నుంచి 110 డిగ్రీల మధ్య పెట్టాం. నిటారుగా కూర్చుంటే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ, మరీ వాలిస్తే నడుము ముందుకి జారిపోతుంది. నడుము వంపులో చిన్న టవల్ చుట్ట పెట్టమని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఖరీదైన దిండ్లు రెండు మూడు చూశాం గానీ ఆ టవలే నిలబడింది. దాని మందం మడతతో ఎంతైనా మార్చుకోవచ్చు కదా. మెత్తటి సీటు కవర్లు వేయిద్దామని అమ్మ అంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో అలాంటి కవరు దాన్ని విచ్చుకోనివ్వదు. అందుకే వద్దన్నాం.

మోత

మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో చుట్టుకి ఒకటిన్నర సార్లు మంట వస్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకి 50 సార్లు. పాత ఎగ్జాస్ట్‌తో సరిగ్గా హైవే మీద నడిపే వేగంలో "గూఁ" అని ఒకటే హోరు. చెవికి పెద్దగా వినబడదు గానీ గంటసేపు ఉంటే తల దిమ్మెక్కిపోతుంది. కంపెనీ ఎగ్జాస్ట్ తిరిగి పెట్టించగానే ఆ హోరు పోయింది.

టైర్ల చప్పుడు వేరు. దానికి బ్యూటైల్ షీట్లు అంటిస్తారు. అయితే ఈ షీట్ల పని రేకు వణుకుడు ఆపడం వరకే. మనం సాధారణంగా డోర్లకి వేయిస్తాం, చప్పుడేమో ఎక్కువగా చక్రాల గూడు, నేల వైపు నుంచి వస్తుంది. మేం వెనక చక్రాల గూళ్ళకీ డిక్కీ నేలకీ మాత్రమే వేయించాం. కారంతా వేస్తే బరువు పెరుగుతుంది తప్ప ఆ మేరకి నిశ్శబ్దం రాదు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. దానికి తోడు, చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెట్టొచ్చు. మా పనంతా కంపెనీ సైజులకి తిరిగి రావడమే కాబట్టి మాకీ తలనొప్పి లేకుండా పోయింది.

తేడా ఎలా తెలిసింది?

మన ఫోన్లలో యాక్సిలరోమీటర్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ యాప్ ఉచితం. ముందు సీటు కింద నేలకి ఫోన్‌ని టేప్‌తో గట్టిగా అంటించి, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, ఒకే గాలితో, పని చేయించకముందోసారి చేయించాకోసారి రికార్డు చేశాను. గ్రాఫులో 4-8 హెర్ట్జ్ భాగం కళ్ళకి కనబడేంతగా తగ్గింది. మూడో ఏడు మినీ ప్రాజెక్టు వెతుక్కునేవాళ్ళకి ఇది మంచి టాపిక్, నన్ను అడగండి, డేటా ఇస్తాను.

కారు ఇప్పటికీ గట్టిదే. హైవే దిగి ఊరికి పోయే చివరి ఏడు కిలోమీటర్లలో గుంటలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. అక్కడ అన్నయ్య 20 దాటనివ్వడు. హైవేలో 80-85 దగ్గరే నడుపుతాడు. గంటకోసారి ఆపి నాన్నని పది నిమిషాలు నడిపిస్తాం, మిర్యాలగూడ దాటాక ఒకచోట టీ. ఎంత మంచి సీటైనా గంటలకొద్దీ కదలకుండా కూర్చున్న నడుముని కాపాడలేదు. ఈ ఆపడాలతో ప్రయాణం ఇంకో గంట పెరిగింది. కానీ పోయిన మూడు నెలలూ నాన్న వెళ్ళాడు. వెళ్ళిన సాయంత్రమే నాయనమ్మతో అరుగు మీద కూర్చుని మాట్లాడగలిగాడు. మొదటిసారిలా లోపలికెళ్ళి పడుకోలేదు.

మీ ఇంట్లో కూడా స్పోర్టీ కారు ఉండి దూరం పోవాల్సివస్తే ఈ వరసలో చూడండి. ముందు గాలి, సీటు వాలు, ఎవరెక్కడ కూర్చుంటారు. వీటికి ఖర్చు లేదు. తర్వాత టైర్లు. ఆ తర్వాత స్ప్రింగులూ షాకులూ. షీట్లు ఆఖర్న. షాపుకి వెళ్ళేముందు ఆ కార్లో ప్రయాణం చేయబోయేవాళ్ళని గంటసేపు తిప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా నొప్పి వచ్చిందో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. "సూది దిగినట్టుంది" అంటే బంప్ స్టాపర్, "తల దిమ్ముగా ఉంది" అంటే ఎగ్జాస్ట్, "కడుపులో తిప్పుతోంది" అంటే ఊపు ఆపలేని షాకులు, ఇలా వెతకడం మొదలుపెట్టొచ్చు. మెకానిక్‌కి ఆ కాగితం చూపించండి.